తలుపు పక్క ట్రే

క్యాల్యుమెట్‌లో ఐదో వీధి మలుపున
రెయినో కంగాస్ కొట్టు.
తలుపు తీస్తే గంట మోగదు, చెక్కనేల మూలుగుతుంది.
ఎడమ పక్క, బూట్ల మంచు కరిగి మడుగయ్యే చోట
బేకరీలో అడిగి తెచ్చుకున్న రేకు ట్రే ఉండేది.
దాని మీద అట్టముక్క: ఏదైనా పాతిక సెంట్లు.

ఆ "ఏదైనా" అన్న మాటకే
ముప్పై ఏళ్ల శనివారాలు ధారపోశాను.

బడి బస్సు నడుపుతాను. పద్నాలుగో నంబరు.
జీతంలో గ్యాసుకీ పంటికీ టైర్లకీ పోగా
చేతిలో మిగిలేది చిల్లర.
చిల్లర పెట్టి చిల్లర కొనుక్కునేదాన్ని.
మా ఆయన నవ్వేవాడు:
"డబ్బిచ్చి డబ్బు కొనే మనిషిని నిన్నే చూశాను, సైమా."

ఆయనకేం తెలుసు,
గోధుమ కంకుల సెంటుని భూతద్దం కింద పెట్టి
దీపానికి కాస్త ఏటవాలుగా తిప్పితే
సంవత్సరం మెల్లగా పైకి తేలుతుందని,
చెరువులో చేప వీపులా.
1919.
ఆ ఏడు మా తాత ఇక్కడే, మైలు లోతున,
నేల కడుపులో రాగి కొడుతున్నాడు.
ఇది ఆ రాగే అని ఎవరూ చెప్పలేరు.
కాదనీ చెప్పలేరు.
పాతిక సెంట్లకి అంత అనుమానం ఎక్కడ దొరుకుతుంది?

అట్టముక్క మీద అంకెలు మారుతూ వచ్చాయి.
అర డాలరు. డాలరు. రెండు.
చివరికి "ఏదైనా" కొట్టేసి "అడగండి" అని రాశాడు.

వెండి ధర ఎగబాకిన చలికాలం
గ్రీన్ బే నుంచి వ్యాను వేసుకుని ఒకతను వచ్చాడు.
డైములూ క్వార్టర్లూ త్రాసులో గుమ్మరించాడు.
ఏ ఏటివో చదవలేదు, ఏ టంకశాలవో తిప్పి చూడలేదు.
ఔన్సులు రాసుకున్నాడు.
రెక్కల టోపీ పెట్టుకున్న అమ్మాయిలందరూ
బకెట్లో బోర్లాపడి
కొలిమికి వెళ్లిపోయారు.

రెయినోని తప్పుపట్టను.
మోకాలికి ఆపరేషను, కొట్టు కప్పుకి చిల్లు.
"మంచివి ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు వేసుకుని కూర్చున్నాయి,
మామూలువి మంటలో కలిశాయి.
మధ్యలో నువ్వూ నేనూ మిగిలాం," అన్నాడు.
ఇప్పుడా ట్రేలో తాళంచెవుల గొలుసులు,
మూత పోయిన పెన్ను, చచ్చిన ఈగ.

ఇంట్లో నా నీలి అట్ట పుస్తకంలో
ఏడు గుంటలు ఖాళీ.
ఒకప్పుడు వాటిని చూస్తే ఆకలేసేది.
ఇప్పుడు పళ్లు రాలిన నోరులా కనిపిస్తోంది,
పెదవులు మూసినట్టు మూసేస్తున్నాను.

పోయిన నెల బస్సులో
డెలానీ, మూడో తరగతి,
డాష్‌బోర్డు మీద నేను మరిచిన సెంటుని చూసి
"ఇది ఏ ఆటలోది?" అని అడిగింది.
నవ్వబోయాను.
రాలేదు.

ఆ రాత్రి, ఒకే ఏటివి మూడేసీ నాలుగేసీ పడున్న సీసా దించాను.
సోమవారం, పిల్లలు ఎక్కక ముందు,
సీట్ల కింద నాలుగు వదిలాను.
దానం అనడానికి సిగ్గేస్తుంది, మొత్తం విలువ ఒక బిస్కట్టు.
దొరకడమే కదా
ఇందులో ఉన్న రుచంతా.
కొనడంలో ఏముంది, ఎవరైనా కొంటారు.
ఇప్పుడైతే ఎవరైనా కూడా కొనలేరు.

శుక్రవారం బస్సు ఊడ్చాను.
చేటలో మిఠాయి కాగితాలు, ఒంటరి చేతితొడుగు,
రోడ్డు ఉప్పు, మూడు సెంట్లు.
మళ్లీ వంగి టార్చి వేశాను.
ఐదో వరస, తొమ్మిదో వరస, హీటరు జాలీ కింద.
నడుం పట్టేసింది.
నాలుగోది లేదు.

ఏ బూటు అడుగున అతుక్కుపోయిందో,
మెట్టు దిగుతుంటే ఏ మంచులో పడిందో.
రెయినోకి ఫోను చేసి చెప్పాను.
కాసేపు అవతల ఊపిరి చప్పుడే.
తర్వాత, పాత గొంతుతో,
"ఏ ఏటిది?" అన్నాడు.